పద్నాలుగో మెట్టు

నా నడుముకి టేపు లేని రోజు నాకు గుర్తులేదు. పెళ్లిపీటల మీద కూడా పంచె మడతలో దోపుకుని కూర్చున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది. అలాంటివాణ్ణి, ఇరవై రెండేళ్లు మా బావతో కలిసి పనిచేసి, ఆయన కట్టిన గోడ మీద గానీ, ఆయన పోసిన మెట్టు మీద గానీ ఒక్కనాడు కూడా ఆ టేపు పెట్టలేదు.

బావ అంటే మా ఆవిడ సొంత అన్న. ఆయన తాపీ మేస్త్రీ, నేను వడ్రంగిని. విజయనగరంలో సగం పనులు మా ఇద్దరికీ కలిపే వచ్చేవి. ఆయన గోడ లేపితే నేను గుమ్మం నిలబెట్టేవాణ్ణి. ఆయన మెట్లు పోస్తే నేను చేతిపట్టె బిగించేవాణ్ణి. పెళ్లైన కొత్తలో, గజపతినగరంలో ఒక ఇంటి దగ్గర, ఆయన కిటికీకి వదిలిన ఖాళీ చూసి అలవాటుకొద్దీ టేపు తీశాను. పెట్టలేదు, తీశానంతే. ఇంటాయన పక్కనే ఉన్నాడు. బావ చేతిలో తాపీ కింద పడేసి, వెళ్లి ఇసక గుట్ట మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం క్యారేజీ కూడా విప్పలేదు.

"ఏటైనాది బావా?" అని అడిగితే మొహం తిప్పుకున్నాడు.

"నా పనికి నువ్వు కొలత తీస్తావేటి? అదీ ఇంటాయన ముందర? ఎల్లు, ఇంకో మేస్త్రీని ఎతుక్కో."

ఆయన్ని బతిమాలి నాలుగు మెతుకులు తినిపించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. మా పనివాళ్లలో అదొక మర్యాద. ఒకడు ముగించిన పని మీద ఇంకొకడు ఇంటివాళ్ల ఎదుట కొలత పెట్టకూడదు. పెట్టాడంటే, నిన్ను నేను నమ్మను అని మొహం మీద చెప్పినట్టే. పరాయివాడి దగ్గరే అంత పట్టింపు. పిల్లనిచ్చిన ఇంటి పెద్దకొడుకు దగ్గర ఇంకేం చెప్పను? ఆ రోజే చెంపలు వేసుకున్నాను. ఆ తర్వాత ఆయన ఆరడుగులన్నాడంటే నాకది ఆరడుగులే.

ఇక మేష్టారి సంగతి. హైస్కూల్లో ఆయన మాకు లెక్కలు చెప్పారు. నేను పదో తరగతి తప్పి, ఇంట్లో మొహం చూపించలేక రోడ్ల మీద తిరుగుతుంటే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఒక పెద్ద వడ్రంగి దగ్గర నన్ను కూర్చోబెట్టింది ఆయనే. "వీడికి కోణాలు కంటితోనే తెలుస్తాయి, పుస్తకంలో తెలీవు," అని చెప్పి అప్పగించారు. నేను తింటున్న అన్నం ఆ మాట పెట్టిందే. ఆ మేష్టారికి ఇప్పుడు ఎనభై దగ్గర పడుతున్నాయి. నీటికాసుల జబ్బొచ్చి కళ్లు దాదాపు పోయాయి. వెలుతురు ఎటుందో తెలుస్తుంది, అంతే. అమ్మగారు పోయాక, బ్యాంకులో పనిచేసే కూతురు ఆయన దగ్గరే ఉంటోంది. ఆ అమ్మాయి నన్ను చిన్నప్పటి నుంచీ అన్నయ్యా అనే పిలుస్తుంది.

వాళ్ల మేడమెట్ల పైన ఒక గది. గోడల నిండా పుస్తకాలు. చదవలేకపోయినా సరే, రోజూ సాయంత్రం ఆయన ఒక్కరే ఆ మెట్లెక్కి, పైన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటారు. ఎవరైనా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంటారు. ఆ మెట్లు ఎక్కగలిగినన్నాళ్లే తను మనిషినని ఆయన లెక్క. ఒకరోజు నాకు కబురు పెట్టారు.

"ఒరే, మెట్లు లెక్కెట్టుకుని ఎక్కేస్తన్నాను గానీ, పైకొచ్చేక ఎక్కడున్నానో తెలీడం నేదురా. కిందా గచ్చే, పైనా గచ్చే. పైన చెక్క పరిచేవనుకో, అడుగెయ్యగానే చప్పుడు వస్తాది. వచ్చేసేవురా అని కాలే సెప్పేస్తాది."

మా వైపు మెట్లు ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. లాభం, నష్టం, లాభం, నష్టం అనుకుంటూ ఎక్కుతారు. ఆఖరి అడుగు లాభం మీద పడాలి. అందుకే ఏ ఇంటి మెట్లైనా బేసి సంఖ్యలోనే పోస్తారు. లెక్కల మేష్టారికి ఈ పట్టింపుల మీద ఏ కోశానా నమ్మకం లేదు గానీ, కళ్లు పోయాక ఆయన కూడా అలాగే లెక్కపెట్టడం మొదలెట్టారు. అడిగితే నవ్వారు. "నష్టం దగ్గర నిలబడిపోయేననుకో, ఇంకో మెట్టుందని గుర్తురా." ఆయన మెట్లు పదిహేను. పదిహేనో లాభం దగ్గర పుస్తకాల గది.

ఆ రోజు ఆయనకి నేనొక మాటిచ్చాను. "నేల ఎత్తు పెరిగినా మీ కాలికి తేడా తెలియకుండా చేస్తాను మేష్టారూ."

"తెలిస్తే పడతానురా," అన్నారు ఆయన నవ్వుతూనే.

అసలు చిక్కంతా అక్కడే ఉంది. గది మధ్యలో చెక్క పరచడం పెద్ద విద్యేం కాదు. మెట్ల పైన పరచడమే కష్టం. కింద అడ్డంగా వేసే రీపర్లు అంగుళం, వాటి మీద టేకు పలక అంగుళానికి నూలు తక్కువ. అంగుళంలో ఎనిమిదో వంతుని మేము నూలంటాం. రెండూ కలిపితే పదిహేను నూళ్లు. అంటే పై నేల అంత ఎత్తు లేస్తుంది, ఆఖరి మెట్టొక్కటే అంత ఎత్తైపోతుంది. మెట్లెక్కేటప్పుడు రెండడుగులు వేశాక కాలు కళ్లని అడగడం మానేస్తుంది. ఒక్క మెట్టు అరంగుళం తేడాగా ఉన్నా కళ్లున్నవాడే బోర్లా పడతాడు. ఇక ఆయన సంగతి చెప్పాలా?

దానికి నేనొక ఉపాయం ఆలోచించాను. పదిహేను నూళ్లు, పదిహేను మెట్లు. మొదటి మెట్టు ఒక నూలు పెంచాలి, రెండోది రెండు నూళ్లు, మూడోది మూడు. అలా పెంచుకుంటూ పోతే పద్నాలుగోది పద్నాలుగు నూళ్లు పెరుగుతుంది. దాని మీద నా చెక్క నేల పదిహేనో నూలు. అప్పుడు ప్రతి మెట్టు ఎత్తూ సమానంగా ఒక్క నూలే పెరిగినట్టు. ఆ కాస్త తేడా ఏ కాలికీ తెలియదు. అది కుదిరినందుకు నాకు చిన్నపిల్లాడిలా సంతోషం వేసింది. మేష్టారికి చెబితే, "పదో తరగతిలో ఈ తెలివేమైపోయిందిరా?" అన్నారు.

మెట్లు పాత ఎర్ర గచ్చువి, ఒక్కొక్కటీ ఆరున్నర అంగుళాల ఎత్తు. వాటిని గీరి, పైన మళ్లీ ఎర్ర గచ్చు పొయ్యడం తాపీ పని. అంటే బావ పని. ఆయన్ని పిలిచి చూపించాను.

"ఇదేటి బావా," అని ఆయన నుదురు గోక్కున్నాడు. "పదిహేను మెట్లకీ గచ్చు గీకి మల్ల పొయ్యాలేటి? పైనొక్కటీ సూసుకుంటే సాల్దేటి?"

"సాలదు బావా. ఆయనకి కళ్లు నేవు."

"సరేలే. నాకొగ్గీ, నాను సూసుకుంటాను."

ప్రతి మెట్టు పక్కనా గోడ మీద, గచ్చు ఎంతవరకు రావాలో మేకుతో గీత గీసి మరీ ఇచ్చాను. నాన్న పోయి ఏడాదైంది, శ్రీకూర్మంలో కార్యం చేయించాలి. పని మధ్యలో వెళ్లడానికి మనసొప్పలేదు గానీ బావే నా భుజం తట్టాడు. "నువ్వెల్లి మావ కార్యం బాగా సేసుకునిరా. నువ్వొచ్చేతలికి మెట్లు తయారుగుంటాయి. నానున్నాను గదేటి?" ఆ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సొంత అన్నదమ్ముడైనా అంత చెయ్యడనుకున్నాను.

మూడోరోజు తిరిగొచ్చేసరికి మెట్ల మీద తడి గోనెసంచులు పరిచి ఉన్నాయి. కొత్త గచ్చు ఆరేదాకా తొక్కకూడదు కదా. పెరట్లోంచి నిచ్చెన వేసుకుని పైకెక్కాను. పై అంచు దగ్గర కూర్చుని ఆఖరి మెట్టు ఎత్తొక్కటీ కొలిచాను. నా పలక ముక్కు వచ్చి వాలేది అక్కడే కాబట్టి అది నా పని కిందే లెక్క, మర్యాద తప్పినట్టు కాదు. నా చెక్క మందం కలుపుకుంటే ఆరున్నర మీద నూలు. ఎలా చెప్పానో అచ్చం అలాగే ఉంది. భళా బావా అనుకున్నాను. ఇంక గోనెలు ఎత్తి మిగతావి చూడబుద్ధి కాలేదు. చూడాలన్న ఆలోచన వచ్చిందా అంటే, వచ్చింది. ఇసక గుట్ట గుర్తొచ్చి పోయింది.

ఆరు రోజులు ఆ నేల పరిచాను. ఇన్నేళ్లలో అంత మనసుపెట్టి చేసిన పని ఇంకొకటి లేదు. ఒక్కో పలక అంచునీ పక్క పలక గాడిలోకి చెక్కసుత్తితో తట్టి కూర్చోబెట్టాను. వానాకాలం చెక్క ఉబ్బుతుందని గోడల వారన సందు వదిలి, దాన్ని సన్నటి పట్టీతో కప్పాను. మెట్ల అంచున వచ్చే పలకకి ముక్కు గుండ్రంగా తీసి, కాలు జారకుండా సన్నగా గాట్లు పెట్టాను. కళ్లు మూసుకుని దాని మీద నడిచి చూశాను. చప్పుడు దిటవుగా, ఒకే తీరుగా వచ్చింది.

గోనెలు తీసిన రోజు మేష్టారు పైకెక్కారు. ఆ ఒక్కరోజుకీ నన్ను చెయ్యి పట్టుకోనిచ్చారు. పద్నాలుగో మెట్టు దగ్గర ఆయన బొటనవేలు కొంచెం తగిలింది. "కొత్త కదురా," అని ఆయనే సర్దుకున్నారు. అంతకుముందు నా కాలికీ అక్కడే తగిలింది. గచ్చు మీద గోనె పీచేదో అంటుకుని ఉంటుందనుకున్నాను. నా కాలు చెప్పింది నేను వినలేదు. బావ మాటే విన్నాను. ఆ మరుక్షణం మేష్టారి పాదం చెక్క మీద పడింది. ఆయన నిలబడిపోయి, మడమతో రెండుసార్లు తట్టి, "వచ్చేసేన్రా!" అన్నారు. ఆ మొహం నేనెప్పటికీ మరిచిపోలేను.

తొమ్మిదో రోజు ఆయన పడిపోయారు.

సాయంత్రం ఎప్పటిలాగే ఒక్కరే ఎక్కుతూ, పై నుంచి మెట్ల మలుపు దాకా దొర్లిపోయారు. తుంటి ఎముక విరిగింది. మర్నాడు మధ్యాహ్నం నాకు తెలిసి పరిగెత్తేసరికి ఆపరేషన్ కూడా అయిపోయింది. ఆసుపత్రి వరండాలో మేష్టారి కూతురు నిలబడి ఉంది. నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మేస్త్రీ గారూ," అంది.

ముప్పై ఏళ్లలో ఆ అమ్మాయి నన్నలా పిలవలేదు.

"మీ బావగారు పొద్దున్నే వచ్చి వెళ్లారు. అంతా చెప్పారు. పలక మందం ఎక్కువైపోతుంది, వద్దు అని ఆయన ఎంత చెప్పినా మీరు వినలేదట కదా. మా నాన్నగారు మిమ్మల్ని నమ్మారండీ."

లోపలికి వెళ్లాను. మేష్టారు అటు తిరిగి పడుకుని ఉన్నారు. నా అడుగుల చప్పుడు ఆయనకి తెలుసు. "ఒరే," అన్నారు తిరక్కుండానే. "నా కాలికి తేడా తెలిసిందిరా."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ వరండాలో తెలిసింది. అమ్మాయిని బతిమాలాను, ఒక్కసారి ఇంటికి రమ్మన్నాను. బావకి ఫోన్ చేసి, ఉన్నపళంగా రాకపోతే నేనే వచ్చి కాలర్ పట్టుకుని తెస్తానన్నాను. స్కూటర్ మీద వచ్చాడు. ఆ అమ్మాయి కింద నిలబడింది. బావ గుమ్మంలో నిలబడ్డాడు. నేను నడుముకున్న టేపు తీశాను. ఇరవై రెండేళ్ల తర్వాత, బావ పని మీద, ఇంటివాళ్ల ఎదుట.

మొదటి మెట్టు ఆరున్నర. రెండోది ఆరున్నర. మూడోదీ అంతే. గచ్చు పెరగనే లేదు, పాత మెట్లకే ఎర్ర రంగు పూసేశాడు. ఏడో మెట్టు దగ్గర గోడ మీద నేను మేకుతో గీసిన గీత కోసం వేలితో తడిమాను. దాని మీదా ఎర్ర రంగు పూశాడు గానీ, గీత వేలికి తగులుతూనే ఉంది. మెట్టు పై నుంచి ఏడు నూళ్ల ఎత్తున, గచ్చు రావలసిన చోట. అంటే గీత చూశాడు, తెలుసు. తెలిసే కప్పేశాడు. పైకెక్కుతూ కొలుస్తూనే ఉన్నాను. పదమూడో మెట్టు కూడా ఆరున్నరే. పద్నాలుగో మెట్టు ఎనిమిదింబావు.

ఆఖరి మెట్టొక్కటీ నేను కొలుస్తానని ఆయనకి తెలుసు. అందుకని దాని కిందిదొక్కటీ పద్నాలుగు నూళ్లు పోసి పెంచి, నా కొలతకి సరిపెట్టాడు. తప్పుని ఒక మెట్టు కిందికి దించి, నా కంటికి ఆనకుండా, మేష్టారి కాలికి తగిలేలా దాచాడు.

"ఏటి బావా ఇది?" అన్నాను.

"పదిహేను మెట్లూ గీకితే నాల్రోజులు. అవతల గజపతినగరంలో స్లాబు. బేగి ఎల్లాల. పైదొక్కటీ సరిపెట్టేను. ముసలాయన పడతాడని నాకేటి తెలుసు?"

"మరి నా పలక మందమని ఎందుకు సెప్పేవు?"

నేల చూశాడు. తర్వాత ఒక్కసారిగా నా మీదే తిరగబడ్డాడు.

"నువ్వు సూసుకోవాల కదేటి? టేపు నీ నడుముకే ఉన్నాది గదా!"

"నీ పని మీద నాను టేపు పెట్టను కద బావా."

"ఎవుడు పెట్టొద్దన్నాడు?" అన్నాడు.

అంత మాటా అనేసి స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు. నేను పద్నాలుగో మెట్టు మీద కూలబడ్డాను. ఇసక గుట్ట, విప్పని క్యారేజీ, నేను చెంపలు వేసుకోవడం, ఒక్కటీ ఆయనకి గుర్తులేదు. లేదా గుర్తుండే అన్నాడు. ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు, ఏది నిజమైనా నాకు ఒళ్లు మండుతుంది. ఇరవై రెండేళ్లు నేను నెత్తిన పెట్టుకు మోసిన మర్యాదని, దానితో తనకి పనున్నంతకాలం వాడుకుని, పని తీరగానే నా మొహాన కొట్టి పోయాడు. నేను చేతగానివాడిలా ఏడ్చాను. మేష్టారి కూతురు అక్కడే ఉందని కూడా చూసుకోలేదు. ఆ అమ్మాయి "తాళం వెయ్యాలండీ," అంది.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "మా అన్న అలగ సెయ్యడు," అంది ముందు. అన్నీ విన్నాక చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుంది. తర్వాత, "తప్పు సేసేడు, కాదన్ను. నీకు బావే కదా. కడుపులో దాసుకుంటే ఏటి పోతాది?" అంది.

"మేష్టారి తుంటి ఎక్కడ దాసీమంటావే?" అన్నాను.

రెండు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. మూడోరోజు ఆవిడే క్యారేజీ కట్టి నా చేతికిచ్చింది. అన్న ఊసు మళ్లీ ఎత్తలేదు.

శ్రీకాకుళం వైపు నుంచి వేరే తాపీ మేస్త్రీని తెచ్చుకున్నాను. పద్నాలుగో మెట్టు మీద పోసిందంతా కొట్టించేసి, మొదటి మెట్టు నుంచి నూలు నూలు చొప్పున మళ్లీ పోయించాను. పని మొదలుపెట్టే ముందే చెప్పాను, అన్నీ టేపు పెట్టి చూస్తాను, ఏమీ అనుకోవద్దని. అతను నన్ను వింతగా చూశాడు. "సూసుకోండి బాబూ, అందులో అనుకోడానికేటుంది?" అన్నాడు. అది విన్నాక నాకు బావ మీద కోపం ఇంకొంచెం పెరిగింది. గోనెలు తీసిన రోజు కింద నుంచి పైదాకా మూడుసార్లు కొలిచాను. పదిహేనూ సమానం.

మూడు నెలలకి మేష్టారు వాకర్ పట్టుకుని ఇంట్లో నడవడం మొదలెట్టారు. మెల్లగా మెట్లు కూడా ఎక్కించవచ్చని డాక్టరు చెప్పారట. ఆ కబురు విని పరుగున వెళ్లాను. మెట్ల పక్కనే ఉన్న కింది గదిలో మంచం మీద కూర్చుని ఉన్నారు. కాళ్ల దగ్గర కూర్చున్నాను.

"మేష్టారూ, మెట్లన్నీ మళ్లీ పోయించాను. ఆరున్నర మీద నూలు, పదిహేనూ ఒకటే. నేను స్వయంగా కొలిచాను. ఒక్కసారి రండి, నేను చెయ్యి పట్టుకుంటాను."

ఆయన వాకర్ మీద రెండు చేతులూ ఆన్చి, వెలుతురు వచ్చే కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నారు. కోపం లేదు ఆ మొహంలో. కోపమైనా బాగుండేది. చివరికి కూతుర్ని పిలిచారు.

"అమ్మాయ్. వాడి దగ్గర టేపు తీసుకుని నువ్వు కూడా ఓసారి సూడమ్మా."

నా ఎదుటే అన్నారు. నాకు కోణాలు కంటితోనే తెలుస్తాయని చెప్పి నన్ను పనిలో పెట్టిన మనిషి అన్నారు. బావ చేసిన దానికి నేను పళ్లు నూరాను, ఏడ్చాను, తిట్టాను. దీనికి ఏం చెయ్యాలో తెలియలేదు. తప్పు ఆయనది కాదు. మీకు నా మీద నమ్మకం లేదా అని ఏ మొహం పెట్టుకుని అడగను? నడుము నుంచి టేపు తీసి ఆ అమ్మాయి చేతికిచ్చాను.

ఆమెకి అది పట్టుకోవడం చేతకాలేదు. లాగి వదిలితే చివర జారిపోయి లోపలికి పోతోంది. రెండుసార్లు ప్రయత్నించి నా వైపు చూసింది. "ఈ కొస కాస్త పట్టుకోండి మేస్త్రీ గారూ." మెట్టు మొదట్లో చతికిలబడి కొస పట్టుకున్నాను. ఆమె వంగి అంకెలు చూసి, లోపలికి వినబడేలా గట్టిగా చదివింది. "ఆరున్నర, ఇంకో చిన్న గీత, నాన్నా."

"లాభం," అన్నారు మేష్టారు గదిలోంచి.

రెండో మెట్టు. "అంతే నాన్నా." "నష్టం." మూడోది. "లాభం." అలా ఒక్కో మెట్టే కొలుచుకుంటూ పైకెక్కాం. నేను కొస పెట్టడం, ఆమె చదవడం, కింద నుంచి ఆయన అనడం. పద్నాలుగో మెట్టు దగ్గరా ఆమె అదే అంకె చదివింది. ఆయన నష్టం అనలేదు.

"అది మల్లీ పెట్టమ్మా," అన్నారు.

నేను కొస కదలకుండా మళ్లీ పట్టుకున్నాను.